ఆ షెడ్డులో పాత బోటు కొనేవాళ్ళు జాగ్రత్త: రంగు కింద చెక్క మొత్తం చివికిపోయి ఉంది

నిన్న సాయంత్రం బోటు కోసిన గ్రైండర్ కింద పెట్టినప్పటి నుంచి కోపం దిగడం లేదు. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున డ్యూటీకి కూడా పోకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. వరస తప్పి ఉంటే సర్దుకుని చదవండి.

తిరుపతి చుట్టుపక్కల పాత బోటు కోసమో, ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక గోడకు బయట బిగించే ఇంజను) కోసమో వెతికినవాళ్ళకు, పాత బోట్లు అమ్మే ఆ షెడ్డు తెలిసే ఉంటుంది. ఫోన్‌లో వెతికితే మొదట వచ్చేవి ఆ షెడ్డు ఓనరు పెట్టిన ఫోటోలే. పేరు ఇక్కడ రాయను. ఒకసారి మాట్లాడినవాళ్ళు రెండు లైన్లు చదవగానే పోల్చుకుంటారు.

14 అడుగుల ఫైబర్ బోటు, 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, తుప్పు పట్టిన ట్రాలీ, మూడూ కలిపి 1,35,000 రూపాయలకు ఆయన దగ్గర కొన్నాను. 20,000 ఫోన్‌లో అడ్వాన్సుగా వేశాను. మిగతాది నోట్లే కావాలన్నాడు, బ్యాంకుకు పోయి తెచ్చి ఇచ్చాను. రసీదు అడిగితే "మనలో మనకు రసీదేంది తమ్ముడూ" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

మా అమ్మ పుట్టిల్లు తడ దగ్గర, పులికాట్ ఒడ్డున. చిన్నప్పుడు తాతతో పాటు తెరచాప పడవలో తిరిగిన మనిషి ఆమె. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, భీములవారిపాలెం పోయినా గట్టు మీద కూర్చుని చూసి వచ్చేస్తుంది. ఒక చిన్న బోటు కొని, నా చేతులతో బాగు చేసుకుని, అమ్మను ఒక్కసారి నీళ్ళ మీదికి తీసుకుపోవాలన్నది నా కోరిక. బోటు పని నాకు కొత్త. మూడు నెలలు వీడియోలు చూసి, ఫైబర్ మ్యాట్ ఎట్లా పరవాలి, రెసిన్‌లో (ఫైబర్‌ను అతికించే జిగురు) అది గట్టిపడటానికి హార్డెనర్ ఎంత కలపాలి అని నోట్సు రాసుకున్నాను. పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ వాళ్ళను అడగకుండా మోటారు దించకూడదని కూడా రాసుకున్నాను. ఇన్ని రాసుకున్నవాణ్ణి, కొనే రోజు బోటును ఒక్కసారి తట్టి చూడలేదు.

షెడ్డులో ఆ రోజు జరిగింది చెప్పాలి, నా కడుపుమంట అంతా దాని గురించే. నా భార్య, పాప కూడా వచ్చారు. ఆయన కాఫీ తెప్పించాడు. "ఎవరెవరు ఎక్కతారు తమ్ముడూ దీంట్లో?" అని ఆయనే అడిగాడు. మేం ముగ్గురం, మా అమ్మ అని చెప్పాను. అమ్మకు ఈత రాదని కూడా చెప్పాను. కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన రోజు, 2019 సెప్టెంబర్ 15న, మా ఇంట్లో అందరం టీవీ ముందు ఏడ్చినవాళ్ళమే. అందుకే నా భార్య "గట్టిగా ఉందా అన్నా, పిల్ల ఎక్కుతుంది" అని రెండుసార్లు అడిగింది. ఆయన నవ్వి, మా పాపను ఎత్తి బోటులో నిలబెట్టి, "నా బిడ్డను ఎక్కించినట్టే అమ్మా, దీనికి ఏమీ కాదు. మూడేళ్ళుగా దీన్ని ముట్టుకున్నోడు లేడు, ఉండేది ఉండేట్టే ఇస్తా ఉండా" అన్నాడు. పాప ఆ బోటు అంచు పట్టుకుని నవ్వుతున్న ఫోటో నా ఫోన్‌లో ఉంది. ఇప్పుడు దాన్ని చూడలేకపోతున్నాను.

పోయిన ఆదివారం మా మేనమామ తడ నుంచి వచ్చాడు. నలభై ఏళ్ళుగా చేపల వేటకు పోయే మనిషి. బోటు చుట్టూ తిరిగి, మాట్లాడకుండా స్పానర్ తీసుకుని వెనక గోడ మీద తట్టుకుంటూ వచ్చాడు. అంచుల దగ్గర టక్ టక్ అని గట్టిగా పలికింది. మోటారు బిగించే చోట దబ్ దబ్ అని, తడి గోతాం మీద కొట్టినట్టు వినిపించింది. "అల్లుడూ, ఇది కొయ్యి చూడు" అన్నాడు, అంతే.

తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఫైబర్ బోటు వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. బయట లోపల ఫైబరే కనిపిస్తుంది కానీ మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది. 15 హెచ్‌పీ మోటారు 35 కిలోలకు పైనే బరువు, అదంతా ఆ గోడకే వేలాడుతుంది. బోటును ముందుకు తోసే బలం కూడా ఆ గోడ మీదే పడుతుంది. మోటారు బోల్టులు పోయే బెజ్జాలకు సరిగా సీలు వేయకపోతే నీళ్ళు చెక్కలోకి దిగుతాయి. రెండు వైపులా ఫైబర్ మూసి ఉంటుంది కాబట్టి ఆ తడి ఆరదు, ఏళ్ళ తరబడి లోపలే ఉండి చెక్కను తినేస్తుంది. నడి నీళ్ళలో ఆ గోడ ఊడితే మోటారు పోవడం ఒక్కటే కాదు, ఆ సందులోంచి నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి.

నిన్న లోపలి వైపు ఫైబర్‌ను గ్రైండర్‌తో నాలుగు పక్కలా కోసి, ఉలి దూర్చి లేపాను. ఫైబర్ లేవగానే వాసన కొట్టింది. తడిసిన గోతాలను వారం రోజులు గదిలో మూసిపెడితే వచ్చే వాసన. ప్లైవుడ్ నల్లగా, ముద్దగా ఉంది. ఉలి అక్కర్లేదు, టీ స్పూన్‌తో తీస్తే వచ్చేసింది. పిడికిట్లో నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. సరే, పాత బోటు, ఇది ఆయనకూ తెలియకపోయి ఉండొచ్చు అని అప్పటికీ మనసుకు సర్ది చెప్పుకున్నాను.

తర్వాత బయట వైపు, పాత బోల్టు బెజ్జాల దగ్గర రంగు గీకాను. తెల్ల రంగు కింద కారు టింకరింగ్ షాపుల్లో వాడే లప్పం ఉంది, వేలి మందాన. అది నీళ్ళు పీల్చుకునే సరుకు, నీటి అడుగున ఉండే చోట వాడేది కాదు. ఆ లప్పం పెచ్చు ఊడదీస్తే బెజ్జంలో ఏదో కుక్కి ఉంది. పట్టకారుతో లాగాను. న్యూస్ పేపర్. చెక్క చివికి గుంట పడిన చోటల్లా పేపర్ ఉండలు చుట్టి కుక్కి, పైన లప్పం పూసి, రంగు కొట్టారు. ఒక ఉండ విప్పి నేల మీద పరిచాను. వినాయక చవితి డిస్కౌంట్ల ప్రకటన, చీరల షాపుది. మూలలో తేదీ సగం చిరిగినా సంవత్సరం కనిపిస్తోంది. ఈ సంవత్సరమే. నేను బోటు కొన్నది దసరా ముందు.

మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదని చెప్పిన మనిషి, నేను కొనడానికి మూడు నాలుగు వారాల ముందు ఆ గుంటల్లో పేపర్ కుక్కాడు. అవి ఎంత లోతు ఉన్నాయో వేలు పెట్టి చూసే కుక్కి ఉంటాడు. అంతా తెలిసే నా బిడ్డను ఎత్తి ఆ బోటులో నిలబెట్టాడు.

వెంటనే ఫోన్ చేశాను. పక్కన మామ ఉన్నాడు, స్పీకర్‌లో పెట్టాను. పేపర్ సంగతి చెప్పేదాకా "తమ్ముడూ, తమ్ముడూ" అన్నాడు. చెప్పగానే గొంతు మారింది. "పాత బోటు పాతదిగానే ఉంటాది. చూసుకునే కదా కొన్నావు? కొట్టి చూసుకోవడం తెలీనోడివి బోటు ఎందుకు కొనాల?" అన్నాడు. మా అమ్మకు ఈత రాదని నీకు చెప్పాను కదన్నా అన్నాను. "అయితే ఎక్కించొద్దు" అని పెట్టేశాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోయినా ఇంత బాధ లేదు. ఆ ఒక్క మాట చెవుల్లోంచి పోవడం లేదు.

మోటారు సంగతి కూడా చెప్పేస్తాను. షెడ్డులో తాడు లాగి పది సెకన్లు నడిపించి ఆపేశాడు, నీళ్ళ డ్రమ్ము లేకుండా. నేను శబ్దం విని సంతోషపడ్డాను. ఔట్‌బోర్డ్ మోటారును చల్లబరిచేది అది బయటి నుంచి తోడుకునే నీళ్ళే. నీళ్ళు లేకుండా తిప్పితే లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది. నిన్న విప్పితే ఆరు రెక్కల్లో మూడు లేవు. కింద గేర్ ఆయిల్ స్క్రూ తిప్పితే నూనె పాలు కలిపిన టీ రంగులో వచ్చింది, అంటే సీలు పోయి గేర్లలోకి నీళ్ళు దిగాయి. సీరియల్ నంబరు ప్లేటు ఉండాల్సిన చోట ప్లేటు లేదు, రెండు రివెట్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. కాగితాల మాట అప్పుడే అడిగాను. "ఇంత చిన్న బోటుకు ఎవురడగతారు" అన్నాడు. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం లోపలి జలాల్లో తిరిగే మోటారు బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలని తర్వాత చదువుకున్నాను.

రెసిన్, మ్యాట్, కొత్త మెరైన్ ప్లైవుడ్‌కు ఇప్పటికే 22,000 పెట్టాను. మామ వెనక గోడ మొత్తం తీసి కొత్తది వేద్దాం, నేనుంటాను అంటున్నాడు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. "సంక్రాంతికి అయిపోతుందా నాయనా" అని పొద్దున కూడా అడిగింది.

కొనేవాళ్ళు ఈ నాలుగు చేయండి చాలు. రూపాయి బిళ్ళతో వెనక గోడ అంతా తట్టండి, దబ్‌మని పలికితే వదిలేయండి. గేర్ ఆయిల్ స్క్రూ మీ ఎదుటే విప్పించండి. మోటారును నీళ్ళలో పది నిమిషాలు నడిపించి, పక్క నుంచి నీటి ధార వస్తోందో లేదో చూడండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఇప్పటికే ఇట్లా మోసపోయినవాళ్ళుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఈరోజు ఫిర్యాదు చేస్తున్నాను. పేపర్ ముక్క, లప్పం పెచ్చులు, ఫోటోలు అన్నీ కవర్లో దాచాను.

ఇంకొకటి. నేను పోయిన రోజు ఆ షెడ్డులో నీలం రంగు బోటు ఒకటి ఉంది, 16 అడుగులది, అది కూడా అమ్మకానికే. దాని వెనక గోడకు అప్పుడే తెల్ల రంగు వేసి ఆరబెట్టారు. వారం క్రితం దాని ఫోటోలు మళ్ళీ పెట్టాడు, "ఫ్యామిలీ బోటు" అని రాసి. దాన్ని చూడటానికి మీలో ఎవరైనా బయలుదేరి ఉంటే, డబ్బు ఇవ్వకముందే నాకు చెప్పండి. స్పానర్ తీసుకుని నేనే వస్తాను.