సున్నం కింది రాతలు వెతుక్కుంటూ... కర్నూలు నుంచి అనంతపురం

మొన్న చలికాలంలో మా మేనమామను వెంటబెట్టుకుని రెండు రోజులు తిరిగొచ్చాను. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా నడిచిన ఎమర్జెన్సీలో ఆయన అనంతపురం ఆర్ట్స్ కాలేజీ కుర్రాడు. రాత్రిళ్లు దానికి వ్యతిరేకంగా గోడల మీద రాసేవాడు. ఆ చోట్లు చూడాలని నా కోరిక. రాతలేమైనా మిగిలి ఉంటాయని ఆశపడేవాళ్లకు ముందే చెప్తున్నా, ఒక్కటీ లేదు.

కర్నూల్లో బస్టాండు పక్కన లాడ్జి తీసుకున్నాం, 900 రూపాయలు. దుప్పట్లు శుభ్రం, వేణ్ణీళ్లకు లోటు లేదు, నిద్ర మాత్రం హారన్ల పాలు. కొండారెడ్డి బురుజుకు ఒక పూట చాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు కదా, ఏదో ఒక రాజకీయ నినాదమైనా దొరక్కపోతుందా అనుకున్నా. గోడల నిండా ప్రేమజంటల పేర్లు, బాణం గుచ్చిన గుండెలు. "వీళ్లనైతే ఎవురూ పట్టుకోరు" అని మామ నవ్వాడు.

అనంతపురం ఎక్స్‌ప్రెస్ బస్సులో మా సీటు వెనక్కి వాలితే మళ్లీ పైకి లేవలేదు. గుత్తి కోట కిటికీలోంచే చూశాం. దారిలో ఆయనకు సిరియా సంగతి చెప్పాను. 2011లో దెరా అనే ఊళ్లో బడిపిల్లలు "ఇక నీ వంతే డాక్టరూ" అని గోడ మీద రాశారు. అక్కడి అప్పటి అధ్యక్షుడు అసద్ కంటి డాక్టరు. పిల్లల్ని పట్టుకుపోయి హింసించారు, ఊరు రోడ్డెక్కింది, చివరికి దేశమే అంటుకుంది. మామ అంతా విని ఒకటే అడిగాడు: "పిల్లోళ్లు ఇండ్లకొచ్చిరా?"

అనంతపురంలో గడియారం స్తంభం దగ్గరి గది 700కే దొరికింది. బాత్రూం తలుపుకు గడియ లేదు, వేణ్ణీళ్లు ఏడు దాటితే లేవు. అయినా మళ్లీ అక్కడే దిగుతా. కిందనే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి.

పొద్దున్నే కాలేజీ వెనక సందులోకి తీసుకెళ్లాడు. "పెయింటు కొనేదానికి దుడ్లు యాడివిరా? ఎర్రమన్ను నీళ్లల్లో కలిపి, ఈతబరిక కొస నలగ్గొట్టి రాస్తాంటిమి. ఒగడు మలుపులో నిలబడి దగ్గితే పరుగే." ఒక రాత్రి 'ఎమర్జెన్సీ ఎత్తె' దగ్గరే దగ్గు వినిపించిందట. తెల్లారేసరికి ఇంటాయన చేతనే సున్నం కొట్టించారు. "పాత గోడంతా మాసిపోయి, ఆ ముక్క ఒగటే తెల్లగా మెరుస్తాండె. పోయేటోళ్లంతా ఈడేం రాసింటారప్పా అని నిలబడిరి. మేం రాసింది నలుగురు చదివింటే, సున్నాన్ని ఊరంతా చదివె."

ఇప్పుడక్కడ ఫ్లెక్సీ వేలాడుతోంది. నాయకుడి పుట్టినరోజు, కింద ఇరవై మొహాలు. గోడలు పాడుచేయకూడదని 1997 నుంచి చట్టం ఉంది. ఊడిన చోట మామ గోటితో గీకాడు. తెలుపు, నీలం, పసుపు, మళ్లీ తెలుపు. ఎరుపు మాత్రం తగల్లేదు.

తరిమెల కూడా పోదామనుకున్నాం, ఆటోవాడు చెప్పిన రేటుకు మానుకున్నాం. అది ఈ యాత్రలో లోటే. ఆ ఊరి కమ్యూనిస్టు నాయకుడు నాగిరెడ్డి 1952లో అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలైలో కన్నుమూశారు. మరుసటేడు ఎన్నికల్లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌ మీద పోటీచేసిన జనతా పార్టీ గెలిచింది ఒక్కటే. అది నంద్యాల, గెలిచింది ఆ బావే.

"మీరంతా గోడలకెక్కినా ఊళ్లో కాంగ్రెస్సే గెలిచిందిగా మామా?" అన్నా.

"ఊ. ఆ ఇంటాయన కూడా దానికే ఓటేసినాడంట" అని మామ ఇంకో ప్లేటు ఉగ్గాని చెప్పాడు.