ఒక్క గుడి తేడాతో బాతు పాలిట తూటా: లూనీ ట్యూన్స్ డిస్కుల సంపుటి

ఈ వేసవి సెలవుల్లో విజయనగరంలోని మా ఇంట అందరం కలిసి చూసింది లూనీ ట్యూన్స్ అనే పాత అమెరికన్ కార్టూన్ల వరుసకు 2003లో వెలువడిన డీవీడీల సంకలనం, లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ మొదటి సంపుటి. నాలుగు డిస్కుల్లో 56 పొట్టి కార్టూన్లున్నాయి. ఒక్కొక్కటి ఏడు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. అన్నిటినీ తూచడం నా ఉద్దేశం కాదు. ఎల్మర్ ఫడ్ అనే వేటగాడు, బగ్స్ బన్నీ అనే కుందేలు, డాఫీ అనే బాతు కనిపించే కథల కోసమే ఈ సంపుటిని కొనుక్కోవచ్చునని నా అభిప్రాయం.

ముగ్గురూ కలిసే చిత్రాలు ఇందులో రెండున్నాయి: ‘రాబిట్ ఫైర్’ (1951), ‘రాబిట్ సీజనింగ్’ (1952). రెండింటికీ దర్శకుడు చక్ జోన్స్, కథకుడు మైకేల్ మాల్టీస్. ఇది కుందేళ్ల వేటకాలమా, బాతుల వేటకాలమా అన్న ఒక్క వాదన మీదే కథంతా నడుస్తుంది. మొదటి దానిలో ఒకదాన్నొకటి ఎలా వండుకు తినవచ్చో జంతువులు రెండూ వంటల పుస్తకాలు తెరిచి ఊరిస్తుంటే, తాను శాకాహారినని, సరదాకే వేటాడుతున్నానని ఎల్మర్ అమాయకంగా చెప్పే ఘట్టానికి ఉల్లిపాయ కూడా ముట్టని మా అమ్మ చాలాసేపు నవ్వింది.

నేను మళ్లీ మళ్లీ చూసింది మాత్రం ‘రాబిట్ సీజనింగ్’. తనను ఇక్కడే కాలుస్తావా, ఇంటికి వెళ్లేదాకా ఆగుతావా అని కుందేలు వేటగాణ్ణి నెమ్మదిగా అడుగుతుంది. బాతు మధ్యలో దూరుతుంది. వాడు నిన్ను ఇప్పుడే కాల్చనక్కర్లేదని కుందేలు అనగానే, కాదు, నన్ను ఇప్పుడే కాల్చి తీరాలని బాతు పట్టుబడుతుంది. తుపాకీ పేలుతుంది, ముక్కు తిరిగిపోతుంది. కిటుకంతా సర్వనామాల్లోనే ఉందని బాతు తరువాత కనిపెట్టినా మళ్లీ అదే గోతిలో పడుతుంది. నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నప్పుడు ఈ హాస్యం చెక్కుచెదరలేదు సరికదా మరింత పదునెక్కింది. ఎందుకంటే మన భాషలో ‘నన్ను’కూ ‘నిన్ను’కూ మధ్య ఉన్నది ఒక్క గుడి మాత్రమే. ఎనిమిదేళ్ల మా మేనల్లుడు “మావయ్యా, నన్ను కాల్చమని ఆ బాతే అడిగీసిందేటి!” అని లేచి నిలబడ్డాడు.

కుందేలుకూ బాతుకూ గొంతు ఒక్కరిదే, మెల్ బ్లాంక్‌ది. ఎల్మర్‌కు గొంతిచ్చిన ఆర్థర్ క్యూ. బ్రయాన్ పేరు తెర మీద కనిపించకపోవడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ‘ర’ పలకలేక ‘రాబిట్’ను ‘వాబిట్’ అనే ఆ పలుకే సగం పాత్ర.

‘రాబిట్ ఆఫ్ సెవిల్’ (1950)లో బాతు లేదు. వేటగాడు తరుముతుంటే కుందేలు ఒపెరా రంగస్థలం మీదికి చేరి, ఇటలీ స్వరకర్త రొస్సినీ సంగీతానికి సరిగ్గా లయ కలుపుతూ అతనికి క్షవరం చేస్తుంది. ఈ ఊరి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మా నాన్నగారు తెర వైపు చూడడం మాని, కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ విన్నారు.

కొనేవారు కొన్ని సంగతులు గమనించాలి. డీవీడీలు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో ముందే నిర్ణయించి ఉంటుంది: అమెరికాలో విడుదలైన డిస్కులు ఒకటో ప్రాంతానికి చెందినవి, మన దేశం ఐదో ప్రాంతం. కాబట్టి అన్ని ప్రాంతాల డిస్కులనూ ఆడించే ప్లేయర్ ఉండాలి. తెలుగు మాటలు లేవు, చిన్నపిల్లలకు పక్కన ఒకరు చెప్పాలి. తుపాకులు తరచుగా పేలతాయి. ఎవరూ చావకపోయినా, ఐదేళ్లలోపు పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టకండి. ఈ వరుసలో మూడోదైన ‘డక్! రాబిట్, డక్!’ (1953) ఇందులో లేదు, అది మూడో సంపుటిలో ఉంది. ‘రాబిట్ ఫైర్’ రెండో డిస్కులోనూ, దాని తరువాతి చిత్రం మొదటి డిస్కులోనూ ఉన్నాయి గనుక ముందు రెండో డిస్కు పెట్టి చూడండి.