డిస్క్ పోలేదు, కేబుల్ పోయింది: హనుమకొండలో ఒక రిపేర్ షాపు

నాది పెళ్లికార్డులు, ఫ్లెక్సీల డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు వదల్లేక ఇప్పటికీ విండోస్ 7తోనే నెట్టుకొస్తున్నా. మేడారం జాతర ఫ్లెక్సీల ఆర్డర్లు మీద పడ్డ వారంలోనే సిస్టమ్ మొండికేసింది. ఫోటోషాప్‌లో సేవ్ కొడితే మౌస్ బాణం కూడా కదలదు. చాయ్ తాగొచ్చినా సగమే అయ్యేది. మొదట చూపించిన చోట మూత కూడా విప్పకుండానే హార్డ్ డిస్క్ మార్చాలన్నారు.

చౌరస్తా దగ్గర మెట్లెక్కి వెళ్లాల్సిన ఈ షాపు సంగతి మా ప్రెస్ ఆయన చెప్పాడు. బోర్డు లేదు, కింద జిరాక్స్ సెంటర్‌లో అడగాలి.

అక్కడి తమ్ముడు ఒక ఫైల్ కాపీ పెట్టి రిసోర్స్ మానిటర్ తెరిచాడు. సెకనుకు 4 ఎంబీ. సిస్టమ్ ఇంటరప్ట్స్ అనే వరుస ప్రాసెసర్‌ను మింగేస్తోంది. డివైస్ మేనేజర్‌లో డిస్క్ నుంచి డేటా మోసే పద్ధతి చూస్తే, అల్ట్రా డీఎంఏ ఉండాల్సిన చోట పీఐవో మోడ్ అని ఉంది.

"అన్నా, ఎనుమాముల మార్కెట్ల సేటే బస్తాలు మోసుకుంట తిరిగితే బేరం ఎవలు చేస్తరు?" అన్నాడు. డీఎంఏ అంటే హమాలీలన్నమాట. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అని చెప్పేసి ప్రాసెసర్ తన పని చూసుకుంటుంది. కంట్రోలర్ డేటాను నేరుగా ర్యామ్‌లో దించి, అయ్యాక ఒక కబురు పంపుతుంది. పీఐవోలో రెండేసి బైట్ల చొప్పున ప్రాసెసరే మోయాలి. ఇక మౌస్‌ను పట్టించుకునే తీరిక దానికెక్కడిది!

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే పాడై పక్కన పెట్టిన భాగాలు, సున్నా. 199వ నంబరు, సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా చేరేటప్పుడు పట్టుబడ్డ తప్పుల) లెక్క మాత్రం 1,846. అంటే డిస్క్ మీద డేటా బాగానే ఉంది, దారిలో చెడుతోంది. ఇలాంటి తప్పులు పేరుకుంటే విండోస్ ఒక్కో మెట్టు దించుతూ చివరికి పీఐవోలో పడేస్తుందట. డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ తీసి చూపించాడు, కొన దగ్గర మడతపడి తెల్లబారింది. కొత్తది వేసి, డివైస్ మేనేజర్‌లో ఆ డిస్క్ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాడు. సెకనుకు 90 ఎంబీ!

కేబుల్‌కు 100, పనికి 200 తీసుకున్నాడు. హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ అడిగితే, లాభమేగానీ నా బోర్డు పాత సాటా 2 రకం, సెకనుకు 300 ఎంబీ దాటనివ్వదు, ఖరీదైనది కొనొద్దన్నాడు. అమ్ముకునే అవకాశం ఉండి ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ.

రెండు గంటలు నిలబెట్టాడు మరి. ఉన్నది ఒక్క కుర్చీ, దాని మీదా ప్రింటరే. బయోస్ సెట్టింగ్స్‌లో డిస్క్ మోడ్‌ను పాత ఐడీఈ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మార్చమంటే, ముందు రిజిస్ట్రీ సరిచేయకపోతే బ్లూ స్క్రీన్ వస్తుందని చెప్పి జాతర అయ్యాక రమ్మన్నాడు. మళ్లీ సీపీయూ మోసుకుని ఆ మెట్లెక్కాలి. అందుకే నాలుగు స్టార్లు.

1,846 అంకెను ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆ లెక్క తగ్గేది కాదు, పెరగకుండా ఉంటే రోగం కేబుల్‌దే అని. మానిటర్‌కు అతికించుకున్నా. పది రోజులైంది, ఇంకా 1,846 దగ్గరే ఉంది.