గండికోట, బెలుం, తాడిపత్రి: మూడు రోజుల ప్రయాణం, రెండు చిన్న కెమెరాలు

కెమెరా కొనాలన్న మాట మా ఇంట్లో రెండేళ్లుగా నానుతూ వచ్చింది. ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని పాత సంగతులు చెబుతున్నప్పుడు ఆమె ముఖాన్నీ గొంతునూ కలిపి దాచుకోవాలని, ఎదుగుతున్న మా అమ్మాయిని, మా వీధిని, మా ఊరి తిరునాళ్లను తీరిక దొరికినప్పుడల్లా తీసుకోవాలని నా కోరిక. పగటి వెలుతురులో ఈ పనికి ఫోను చాలుతుంది. దీపం పెట్టే వేళ దాటిందంటే మాత్రం అమ్మ ముఖం మీది ముడతలన్నీ పూత పూసినట్టు చెరిగిపోతున్నాయి. పెళ్లిళ్లలో వాడే పెద్ద కెమెరా ఇంటి వాడకానికి మోయలేని బరువు. కాబట్టి లోపల అద్దం లేకుండా తేలికగా ఉండే మిర్రర్‌లెస్ కెమెరా తీసుకోవాలన్నంత వరకు తేల్చుకున్నాను. వాటిలో ఏది అన్నది తేలలేదు. దుకాణంలో పది నిమిషాలు చేత పట్టుకుంటే ఏ కెమెరా అయినా బాగానే ఉంటుంది. అందుకని రెండు కెమెరాలను మూడు రోజులు ఎండలోనూ చీకటిలోనూ తిప్పి చూద్దామని, డిసెంబరు మొదటి వారంలో మేనల్లుడిని వెంటబెట్టుకుని కడప నుంచి కారులో బయలుదేరాను.

వెంట తీసుకెళ్లిన వాటిలో ఒకటి మేనల్లుడి సొంత కెమెరా, 2021లో వచ్చిన సోనీ జెడ్‌వీ-ఇ10. రెండోది 2023లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్50. దీనిని కడపలోనే ఒక అద్దె దుకాణంలో రోజుకు 1,200 రూపాయల చొప్పున తీసుకున్నాను. రెండింటిలోనూ వెలుగును పట్టి చిత్రంగా మార్చే సెన్సరు ఎపిఎస్-సి అనే మధ్యరకం కొలతదే, 24.2 మెగాపిక్సెళ్లే. బ్యాటరీ, కార్డుతో కలిపి సోనీ 343 గ్రాములు, కెనాన్ 375 గ్రాములు. వాటితో వచ్చే చిన్న జూమ్ లెన్సులు తగిలించాక కూడా రెండింటి మధ్య తేడా యాభై గ్రాములకు మించదు. కాగితం మీద చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. అసలు తేడాలు మూడు. కెనాన్‌కు కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది, సోనీకి లేదు. సోనీకి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంది, కెనాన్‌కు లేదు. మైకు మీద తొడిగే బొచ్చు తొడుగు సోనీతో పాటే ఇస్తారు. సెన్సరునే కదిలించి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు రెండింటిలోనూ లేదు. ఆ పనిని లెన్సులో ఉన్న ఏర్పాటుకో, చిత్రాన్ని చుట్టూ కొంత కత్తిరించుకునే ఎలక్ట్రానిక్ పద్ధతికో వదలాలి. ఈ చివరి సంగతి ఎంత పెద్దదో బెలుం గుహల్లో దిగేదాకా నాకు అర్థం కాలేదు.

అద్దె దుకాణం గురించి ఒక మాట. కెమెరా శుభ్రంగా ఉంది, లెన్సు మీద గీత లేదు, బయానా సొమ్ము తిరిగి ఇవ్వడంలో పేచీ పెట్టలేదు. అయితే వారిచ్చిన మెమొరీ కార్డు పాత రకానిది కావడంతో 4కె అనే ఎక్కువ స్పష్టత గల వీడియో మొదలుపెట్టిన కొద్దిసేపటికే రికార్డింగు ఆగిపోయేది. అద్దెకు తీసుకునేవారు కార్డు మీద వీ30 అన్న గుర్తును అక్కడే చూసుకోవాలి; సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసుకోగలదని దాని అర్థం. మేము జమ్మలమడుగులో ఆగి కొత్త కార్డు కొనుక్కోవలసి వచ్చింది. 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే 64 జీబీ కార్డులో గంటా ఇరవై నిమిషాలకు కాస్త పైగా పడుతుంది. ఇంటి వాడకానికి అది ధారాళం.

జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు పదిహేను కిలోమీటర్లు. కోట వాకిలి దాటి ఊళ్లోకి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు గంటలైంది. ఎర్రమల రాయి మీద ఎండ గట్టిగా కాస్తోంది. లోయ అంచున నిలబడి సోనీ తెర విప్పి చూసిన మేనల్లుడు, "మామా, తెర మీద నా మొగమే కనపడతాంది, కొండ కనపళ్లే" అన్నాడు. తెర వెలుగును పూర్తిగా పెంచినా, చొక్కా కొంగుతో నీడ పట్టినా ఫలితం అంతంత మాత్రమే. మన సీమలో ఏడాదికి ఎనిమిది నెలలు ఇదే ఎండ కాబట్టి దీనిని చిన్న లోటుగా నేను తీసుకోలేను. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించినప్పుడు మాత్రం చుట్టూ చీకటి కమ్మి, పెన్న నీటి మీది మెరుపు, లోయలో పడిన నీడ, రెండూ ఎంతెంత వెలుగులో పడుతున్నాయో స్పష్టంగా తెలిసింది. ఆ లోయలో పైరాయి కాలిన ఇనుములా వెలుగుతుంటే అడుగున నీరు నల్లగా ఉంటుంది. ఎండ పడిన రాతిని కాపాడుకోవడానికి వెలుగును ఒక మెట్టు తగ్గించి, కెమెరా మార్పులేమీ చేయకుండా దాచే రా ఫైలులో తీసుకుని, ఇంటికి వచ్చాక నీడలను పైకి లేపుకోవడమే సరైన పని అని రెండు కెమెరాల ఫోటోలూ చెప్పాయి.

కోటను తీరిగ్గా చూడడానికి ఒక పూట చాలదు. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో వెలిగిన ఈ కోటకు 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చి, దానిని గెలుచుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. మాధవరాయ స్వామి గుడి గోపురం, జామియా మసీదు మీనార్లు, ధాన్యాగారం ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండడం ఫోటోలు తీసేవారికి దొరికిన వరం. ధాన్యాగారం లోపలి చీకట్లోకి అడుగుపెట్టగానే రెండు కెమెరాల చిన్న జూమ్ లెన్సులూ ఇబ్బంది పడ్డాయి. లెన్సు ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. కెనాన్ 18-45 లెన్సు పూర్తిగా జూమ్ చేసినప్పుడు ఎఫ్/6.3 దగ్గర ఆగిపోతుంది. సోనీ 16-50 ఎఫ్/5.6 దగ్గర. అదృష్టవశాత్తు మేనల్లుడి సంచిలో సిగ్మా 30 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 లెన్సు ఉంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.4 సరిగ్గా పదహారు రెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. అంతకుముందు మసకగా పడిన గోడ, లెన్సు మార్చగానే రాయి రాయిగా కనిపించింది.

సాయంత్రం లోయ అంచున గాలి గట్టిగా వీచింది. మేనల్లుడిని నిలబెట్టి కోట గురించి నాలుగు మాటలు చెప్పించాను. బొచ్చు తొడుగు వేసిన సోనీలో గొంతు తేటగా వినిపించింది. తొడుగు లేకుండా తీసిన కెనాన్ వీడియోలో గాలి హోరు మాటలను మింగేసింది. ఇది కెమెరాల మధ్య తేడా కాదు, తొడుగు ఉండడానికీ లేకపోవడానికీ మధ్య తేడా. విడిగా ఒక చిన్న మైకు, దానికొక తొడుగు కొంటే కెనాన్‌కూ ఆ లోటు తీరుతుంది.

ఆ రాత్రి బసకు లోయకు దగ్గరలో ఒక గుడారం తీసుకున్నాము, ఇద్దరికీ కలిపి 1,500 రూపాయలు. పొద్దు పొడుపు వేళకు పదడుగుల్లో లోయ అంచుకు చేరుకోవచ్చన్న ఒక్క సౌకర్యం కోసమే దానిని ఎంచుకున్నాము, ఆ సౌకర్యం నిజంగా దక్కింది. మిగతా ఏర్పాట్లు కెమెరా ఉన్నవారికి పనికిరావు. ఇరవై గుడారాలకు ఒకే చోట ప్లగ్గులు పెట్టారు. అక్కడ ఫోన్లు వరుస కట్టాయి, మా బ్యాటరీలకు చోటు దక్కేసరికి రాత్రి పదకొండు దాటింది, ఆ తర్వాత గంటకే కరెంటు పోయింది. తెల్లవారుజామున గుడారం గుడ్డ మంచుకు తడిసి సంచి కూడా చెమ్మగిల్లింది. ఈ చిన్న కెమెరాలు రెండూ నీటి తడికీ దుమ్ముకూ ప్రత్యేక రక్షణ ఉన్నవి కావు కాబట్టి, సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టి తల కింద పెట్టుకుని పడుకున్నాను. మరునాడు పర్యాటక సంస్థ వారి హరిత హోటల్లో భోజనం చేస్తూ గదులు చూశాము. నాలుగు గోడలు, మంచం పక్కన ప్లగ్గు, తాళం వేసుకునే తలుపు. లోయకు కొంత దూరమైనా, పొద్దున ఒక అరగంట ముందు లేవగలిగినవారికి అదే మేలన్నది నా అభిప్రాయం.

పొద్దు పొడుపు గురించి ఎక్కువ చెప్పను. ఆరున్నర ప్రాంతంలో వెలుగు వచ్చింది, కొండ ఎర్రబారింది, చూసిన వారందరూ మాటలు మరిచారు. ఏ కెమెరా అయినా ఆ వేళ బాగానే తీస్తుంది.

గండికోట నుంచి బెలుం సుమారు అరవై కిలోమీటర్లు. దారిలో కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, ఆ రాయి కోసే యంత్రాలు, గాలిలో తెల్లటి దుమ్ము. ఈ దారిలో కారు ఆపి లెన్సు మార్చవద్దని చదివేవారిని గట్టిగా కోరుతున్నాను. మిర్రర్‌లెస్ కెమెరాలో లెన్సు తీయగానే చాలా రకాల్లో సెన్సరు నేరుగా గాలికి తెరుచుకుంటుంది, ఈ పొడి ఒకసారి దాని మీద కూర్చుంటే ఆకాశం తీసిన ప్రతి ఫోటోలోనూ మచ్చగా కనిపిస్తుంది.

పూర్వపు కర్నూలు జిల్లాలోనూ 2022 నుంచి నంద్యాల జిల్లాలోనూ ఉన్న బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు కిలోమీటరున్నర సందర్శకులు నడవడానికి వీలుగా ఉంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1982, 1983 సంవత్సరాల్లో జర్మన్ గుహాన్వేషకులు కొలిచారు, 2002లో జనానికి తెరిచారు. మెట్లు దిగుతున్న కొద్దీ ఉక్కపోత పెరుగుతుంది. ఏసీ కారులో చల్లబడిన కెమెరాను ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది కాబట్టి, మేము ముందే ఏసీ ఆపి, సంచి మూసే ఉంచి, లోపలికి దిగిన పావుగంటకు తీశాము. మా గైడు అనుభవమున్న మనిషి. ఎక్కడ తల వంచాలో, ఎక్కడ నీరు జారుతుందో ముందుగానే చెబుతూ, "నిదానంగా రాండి సార్, ఫోటో ఎక్కడికీ పోదు" అని ధైర్యం చెప్పాడు. ఆయనకిచ్చిన ప్రతి రూపాయీ సార్థకమైంది.

ఈ యాత్రలో కెమెరాలకు అసలైన పరీక్ష ఇక్కడే జరిగింది. గుహలో కోటిలింగాలు అనే చోట పసుపుపచ్చని దీపాల కింద వీడియో తీస్తే తెర మీద నల్లటి పట్టీలు పాకుతూ కనిపించాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలది. దీపాలు సెకనుకు నూరు సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. షట్టరు తెరిచి ఉండే వ్యవధిని సెకనులో యాభయ్యో వంతుకు మార్చగానే పట్టీలు పోయాయి. ఈ ఒక్క అమరిక తెలిస్తే ఇంట్లో ట్యూబులైటు కింద తీసే వీడియో కూడా బాగుపడుతుంది. రంగును కెమెరాకే వదిలితే అడుగడుగుకూ మారిపోతోంది కాబట్టి, వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో 3,200 దగ్గర బిగించాము.

అప్పుడు వచ్చింది చేతి వణుకు సమస్య. వెలుగు కావాలంటే ఎఫ్/1.4 లెన్సు వాడాలి, కానీ దానిలో వణుకును సరిచేసే ఏర్పాటు లేదు. వణుకు తగ్గాలంటే జూమ్ లెన్సు వాడాలి, కానీ దానికి వెలుగు చాలదు. సప్తస్వర గుహ దగ్గర రాతిని తట్టి నాదం వినిపిస్తున్నప్పుడు ఈ సందిగ్ధం ఎంత గట్టిగా ఎదురైందంటే, సెన్సరులోనే స్థిరత్వం ఉన్న ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ఎస్20 లేదా సోనీ ఎ6700 కొనేద్దామా అన్న ఆలోచన అక్కడే వచ్చింది. అవి మంచి కెమెరాలే. కానీ లెన్సు లేకుండానే ఒక్కొక్కటి 490 గ్రాముల పైన బరువు, ధర కూడా నా అంచనాను బాగా మించిపోతుంది. మోచేతులు డొక్కకు ఆనించి, వీపును గోడకు చేర్చి, ఊపిరి వదిలిన తర్వాత నాలుగైదు సెకన్ల ముక్కలుగా తీస్తే పని జరిగిపోయింది. పాతాళగంగ దగ్గర, నేల మట్టానికి సుమారు 46 మీటర్ల లోతున, నీటి చప్పుడుతో సహా తీసిన ఎనిమిది సెకన్ల ముక్క ఈ యాత్ర మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైనది. కెమెరాను కంటికి ఆనించినప్పుడు నుదురు కూడా ఒక ఆధారమవుతుందని అక్కడ గమనించాను. వ్యూఫైండర్ ఎండకే కాక చీకటికీ పనికొస్తుందన్నమాట.

ఆ రాత్రి ముప్పై కిలోమీటర్ల దూరంలోని తాడిపత్రిలో ఒక సాధారణ లాడ్జిలో దిగాము. గది చిన్నది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నాలుగు ప్లగ్గులున్నాయి. గండికోట గుడారానికి ఇచ్చినదానికంటే తక్కువ సొమ్ముకు ఇక్కడ హాయిగా నిద్రపోయాము. పొద్దున్నే వీధి చివరి హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాము. ఆ ఉగ్గాని కోసం మళ్లీ వెళ్లవచ్చు.

పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి గోపురాలు పూర్తి కాకుండానే ఆగిపోయాయి, అయినా వాటి మీది శిల్పం దగ్గర చూపు తిప్పుకోలేము. పొద్దుటి ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు నగల పూసలు సైతం విడివిడిగా నీడ పరుస్తాయి. పది గంటలు దాటితే ఆ లోతంతా చదునవుతుంది. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథం ఆకారంలో ఉన్న గరుడ మండపాన్ని, గోడల మీది రామాయణ ఘట్టాలను 30 మిల్లీమీటర్ల లెన్సుతోనే తీశాను; అడుగు ముందుకు, అడుగు వెనక్కు నడవడమే జూమ్. ఈ రెండు గుళ్లూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కాబట్టి ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. చేతిలో ఇమిడే కెమెరాతో గర్భగుడి వైపు వెళ్లకుండా తీసుకుంటుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు, పూజారి గారు మాత్రం ఏ శిల్పం మీద ఎప్పుడు ఎండ పడుతుందో ఆదరంగా చెప్పారు.

కడపకు తిరిగి వచ్చిన సాయంత్రమే రెండు కెమెరాలతోనూ అమ్మను వంటింట్లో తీశాను. వెలుతురు దీపం ఒక్కటే. ఎఫ్/1.4 లెన్సు ఉన్న సోనీలో ముడతలు ముడతలుగానే పడ్డాయి. జూమ్ లెన్సుతో ఉన్న కెనాన్‌లో ఫోనుకంటే కొంచెమే మెరుగు. అంటే నేను ఇంతకాలం కెమెరా గురించి వెతికాను కానీ, వెతకవలసింది ముందుగా లెన్సు గురించి. 2024 నుంచి సిగ్మా సంస్థ కెనాన్ ఆర్50 తరగతి కెమెరాలకు సరిపడే లెన్సులను కూడా తయారుచేస్తోంది, ఈ 30 మిల్లీమీటర్లది వాటిలో ఒకటి. మాటలే ప్రధానంగా వీడియోలు తీసేవారికి, హెడ్‌ఫోన్‌లో విని సరిచూసుకోవలసినవారికి నేను సోనీ జెడ్‌వీ-ఇ10నే సూచిస్తాను. మేనల్లుడి పనికి అదే తగినది. నా పనిలో ఫోటోలు ఎక్కువ, ఎండ ఎక్కువ. అందుకని ఆర్50ను జూమ్ లెన్సు లేకుండా ఒంటిగా, దానికి ఆ సిగ్మా లెన్సు, ఒక అదనపు బ్యాటరీ, వంటింటి అలమరలో పట్టేంత చిన్న ట్రైపాడ్ తీసుకోవడానికి దుకాణంలో చెప్పి వచ్చాను. సంక్రాంతి సెలవులకు అమ్మను తాడిపత్రి తీసుకెళ్లాలి. ఆ లాడ్జిలోనే కింది అంతస్తులో మెట్లు ఎక్కనక్కరలేని గది అడిగి పెట్టాను.