నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం: రోజూ ఎక్కే ప్రయాణికుడి అనుభవం

ముంబై, చెన్నైలను కలిపే పట్టాలు 1871 నాటికే ఎర్రగుంట్ల మీదుగా పడ్డాయి. అయినా పెన్నకు ఆవలి ఒడ్డునే ఉన్న ప్రొద్దుటూరుకు రైలు రావడానికి ఆ తర్వాత వందేళ్లకు పైగా పట్టింది. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల వరకు 123 కిలోమీటర్ల ఈ మార్గం 1996-97లో మంజూరై, 2016 ఆగస్టులో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. కొవిడ్ కాలంలో బండ్లు ఆగిన నెలలు పోగా, అప్పటినుంచి నేను ప్రొద్దుటూరు నుంచి కడపకు ఉద్యోగానికి ఎక్కువగా ఈ రైలులోనే వెళ్లి వస్తున్నాను. ఈ మార్గాన్ని మెరుగుపరచడానికి ప్రజల అభిప్రాయం అడిగితే నేను చెప్పగలిగింది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఈ రైలు మాకు చేసిన మేలు చెప్పాలి. కొవిడ్ తర్వాత 30 రూపాయలకు చేరిన కనీస చార్జీ 2024లో తిరిగి 10 రూపాయలకు దిగినప్పుడు, బట్టల మూటలతో వెళ్లే చిన్న వ్యాపారులు, ఆసుపత్రి పనిమీద కడపకు పోయే ముసలివాళ్లు మళ్లీ బోగీలో కనిపించసాగారు. బస్సులో గంటసేపు నడుము నొప్పితో కూర్చోలేనివారు ఇక్కడ కాళ్లు చాపుకుని కూర్చోగలుగుతారు. ఉదయం పెన్న వంతెన దాటుతున్నప్పుడు కిటికీలోంచి వచ్చే చల్లగాలి నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఇబ్బంది అంతా వేళల్లోనే ఉంది. ఇది ఒకే పట్టాల దారి కాబట్టి, ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వాలంటే లూప్ లైను, అంటే బండి పక్కకు తప్పుకుని నిలిచే అదనపు పట్టాలు, ఉన్న స్టేషన్లో ఆగక తప్పదు. ఎర్రగుంట్ల చేరిన తర్వాత దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు నడిచే ప్రధాన మార్గంలో కలవాలి కాబట్టి, అక్కడ కూడా మా చిన్న బండి వంతు చివరికే వస్తుంది. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే నేను ఆఫీసులో సర్దుకోగలను, కానీ కళాశాల పరీక్షకు పోయే పిల్లవాడు సర్దుకోలేడు. అందుకే పరీక్షల రోజుల్లో ఆ పిల్లలు చార్జీ ఎక్కువైనా బస్సే ఎక్కుతారు, వాళ్లను చూసి వాళ్ల ఇంట్లోవాళ్లూ రైలు మానేస్తారు. సాయంత్రం పరిస్థితి ఇంకా కష్టం. ఆఫీసు పని ముగిసే సమయానికి, బండి బయలుదేరే సమయానికి పొంతన కుదరని రోజుల్లో సీజన్ టికెట్టు జేబులో పెట్టుకుని బస్సుకు మళ్లీ డబ్బు ఇచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

కాబట్టి స్టేషన్ ముఖద్వారాలకు రంగులు వేయడం కంటే ముందు, బండ్లు ఎదురుపడే చోట లూప్ లైన్లు పెంచడం, ఎర్రగుంట్ల దగ్గర ప్రధాన మార్గంలోకి తొందరగా అనుమతి దొరికేలా చూడడం జరగాలని నా అభిప్రాయం. మార్గం విద్యుదీకరణ అయింది కనుక, సొంత డీజిల్ ఇంజనుతో నడిచే డెమూల స్థానంలో పైతీగ నుంచి విద్యుత్తు తీసుకునే మెమూలు నడపాలి. మెమూ ఆగిన చోటినుంచి త్వరగా వేగం అందుకుంటుంది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు అంటూ వరుసగా స్టేషన్లు వచ్చే ఇలాంటి దారిలో ఆ తేడా ప్రతి ఆగుదలలోనూ కలిసివస్తుంది.

ప్లాట్‌ఫాం ఎత్తు సంగతి కూడా పట్టించుకోవాలి. మన దేశంలో ఎత్తైన ప్లాట్‌ఫాం అంటే పట్టాలనుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. అంత ఎత్తున్నచోట కూడా బోగీ గడప ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవారికి శ్రమే, తక్కువ ఎత్తున్నచోట మరొకరు చెయ్యి అందించనిదే ఎక్కలేరు. బండి నిమిషం ఆగే స్టేషన్లో ఒక ముసలావిడను ఇద్దరం కలిసి పైకి లాగాము. ఆమె చేతిలోని మందుల సంచి కింద పడిపోయింది, దాన్ని అందుకునేలోపే బండి కదిలింది. అభిప్రాయ సేకరణ జరిపితే జిల్లా కేంద్రంలోని సమావేశ మందిరంలో కాక, ఉదయం బండి వచ్చే వేళకు ఇలాంటి చిన్న స్టేషన్లోనే జరపాలని, అందులో ఆమెలాంటి వారిని ముందుగా మాట్లాడనివ్వాలని కోరుతున్నాను.