ఒకే రైఫిల్, ఇద్దరు మనుషులు: మాగ్‌పుల్ సీటీఆర్ స్టాక్ గురించి

మావారు 6 అడుగులు, నేను 5 అడుగుల 2 అంగుళాలు. ఇద్దరం వాడేది ఒకే ఏఆర్-15. టెక్సస్‌లో మేం వెళ్లే రేంజ్‌లో ఈమధ్య తెలుగువాళ్లు బాగానే కనిపిస్తున్నారు. రైఫిల్‌కి స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, ఏది పెట్టించుకోవాలని అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. అందుకే ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఒక రైఫిల్‌ని ఇద్దరు పంచుకునే ఇంట్లో మాగ్‌పుల్ కంపెనీవాళ్ల సీటీఆర్ స్టాక్ తీసుకోండి. దానికంటే తేలికైనవి ఉన్నాయి, చవకైనవి ఉన్నాయి, చూడ్డానికి దర్జాగా ఉండేవీ ఉన్నాయి. కానీ పొడవు మార్చాక కదలకుండా బిగిసి ఉండే విషయంలో నాకు దీనిమీదే గురి కుదిరింది.

పొడవు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ మడమ (భుజానికి తగిలే వెనక కొస) చివరిదాకా ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. పొడవు మార్చలేని పాత రకం ఏ2 స్టాక్, అంతకుముందరి ఏ1 రకం కంటే 5/8 అంగుళం పొడవు. దాన్ని నేను భుజానికి ఆనించుకుంటే ఎడమచెయ్యి ముందుకు సరిగ్గా అందదు, బరువు ఆపడానికి నడుం దానంతటదే వెనక్కి వాలుతుంది. అలా వాలి కాలిస్తే తూటా తూటాకీ మొన పైకి లేస్తుంది, గురిచూసే అద్దంలోని ఎర్రచుక్కని (రెడ్ డాట్) మళ్లీ వెతుక్కోవాలి. ఒక బాక్స్ తూటాలు అయ్యేసరికి చెయ్యి లాగేస్తుంది. అదే పొడవు మారే స్టాక్ అయితే, మడమని లోపలికి నెట్టి, ముక్కు ఛార్జింగ్ హ్యాండిల్‌కి (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిడి) దగ్గరగా వచ్చేలా చెంప ఆనించి, ఒళ్లు కాస్త ముందుకు వంచి నిలబడితే 5.56 తూటా వెనక్కి తన్నే దెబ్బ భుజానికి పెద్దగా తెలియనే తెలియదు. పొట్టివాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఈ రైఫిల్ బరువుగా ఉందనిపిస్తే ముందు చూసుకోవాల్సింది బరువు కాదు, పొడవు. స్టాక్ జారేందుకు రైఫిల్ వెనకుండే గొట్టాన్ని బఫర్ ట్యూబ్ అంటారు. దాని అడుగున మామూలుగా 6 గుంటలుంటాయి, స్టాక్ ఏ గుంటలో ఆగితే అంత పొడవు. అన్నిటికంటే పొట్టిదాన్నుంచి లెక్కపెడితే నాది రెండోది, ఆయనది ఐదోది. చలికాలంలో లావు జాకెట్ వేసుకున్న రోజు నేను మొదటిదానికి దిగుతాను.

ఇక సీటీఆర్ ప్రత్యేకత. సర్దుకునే స్టాక్ ఏదైనా ట్యూబ్ మీద జారాలి కాబట్టి రెంటి మధ్యా కొంత సందు ఉండితీరాలి. ఆ సందే ఆడుతుంది. రైఫిల్‌తో పాటు వచ్చిన స్టాక్‌ని పట్టుకుని ఊపితే లొటలొటమని చప్పుడొచ్చేది. గురికి దానివల్ల ఎంత తేడా వస్తుందో అన్నది పక్కన పెట్టండి, చెంప కింద ఏదో కదులుతుంటే మనసు ట్రిగ్గర్ మీద నిలవదు. సీటీఆర్‌లో పొడవు మార్చే లివర్ కాక ఇంకో చిన్న లివర్ ఉంటుంది. పొడవు కుదిరాక దాన్ని నొక్కితే స్టాక్ ట్యూబ్‌ని గట్టిగా పట్టేస్తుంది. ఆ తర్వాత మడమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి, కదలదు. చేతులు మారినప్పుడల్లా ఒక పని ఎక్కువే, నిజమే. ఆ ఒక్క పనికి వచ్చే నిబ్బరం వేరు. పైగా స్లింగ్ (భుజానికి వేసుకునే పట్టీ) కొక్కెం, అంటే బటన్ స్వివెల్, తగిలించుకోవడానికి రెండు పక్కలా చోటుంది, కాబట్టి ఎడమచేతి వాటం వాళ్లకీ ఇబ్బంది లేదు.

కొనేముందు మీ ట్యూబ్ కొలవండి. ట్యూబ్‌లు రెండు సైజులు: మిల్-స్పెక్ (సైన్యం కొలతలది), కమర్షియల్. మిల్-స్పెక్ ట్యూబ్ వ్యాసం 1.148 అంగుళాలు, కమర్షియల్ ట్యూబ్‌ది 1.168. తేడా అంగుళంలో యాభయ్యో వంతే, కానీ మిల్-స్పెక్ స్టాక్ కమర్షియల్ ట్యూబ్ మీదికి ఎక్కదు, కమర్షియల్ స్టాక్ మిల్-స్పెక్ ట్యూబ్ మీద వదులుగా ఊగుతుంది. చాలా స్టాక్‌లు రెండు సైజుల్లోనూ అమ్ముతారు, డబ్బా మీద చూసుకోవాలి. ట్యూబ్ చివర ఏటవాలుగా ఉంటే అది కమర్షియల్ అయ్యే అవకాశం ఎక్కువ. అయినా వెర్నియర్ పెట్టి చూడటమే నయం. మార్చడానికి పనిముట్లు అక్కర్లేదు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతోనూ వేలితోనూ చూసుకున్నాక, గుంటలో దిగే పిన్‌ని కిందికి పూర్తిగా లాగితే పాతది వెనక్కి జారి వచ్చేస్తుంది. ట్యూబ్‌ని రైఫిల్‌కి బిగించే కాజిల్ నట్ జోలికి వెళ్లే పనే లేదు.

మిగతా స్టాక్‌ల సంగతి టూకీగా. మాగ్‌పుల్ ఎంఓఈ సుమారు 8 ఔన్సులు, సీటీఆర్ 8.8. ఎంఓఈ ఆకారం దాదాపు ఇదే, బిగించే రెండో లివర్ మాత్రం లేదు. ఒక్కరే వాడే రైఫిల్ అయితే అది చాలు, డబ్బూ మిగులుతుంది. మాగ్‌పుల్‌వాళ్లదే ఎస్‌టీఆర్‌లో బ్యాటరీలు దాచుకునే గొట్టాలుంటాయి, చెంప ఆనే చోటు వెడల్పు. రేంజ్‌కి వెళ్లేటప్పుడు సంచీ ఎలాగూ ఉంటుంది కదా, నాకు అవసరం అనిపించలేదు. బీ5 కంపెనీ స్టాక్ సాప్‌మాడ్ మూలం ఇండియానాలోని క్రేన్ నేవీ కేంద్రంలో తయారైన డిజైన్. దాని వెడల్పు చెంపకి చాలా సుఖం. స్కోప్ పెట్టి దూరం కాల్చేవాళ్లయితే సీటీఆర్ కంటే దానికే నా ఓటు.

చట్టం సంగతి తెలుసుకోకుండా ఆర్డర్ పెట్టకండి. ఇలాంటి రైఫిళ్ల మీద 1994లో వచ్చిన ఫెడరల్ నిషేధం 2004లో ముగిసిపోయింది కానీ, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల సొంత నిషేధాల్లో టెలిస్కోపింగ్ స్టాక్ (పొడవు మారే స్టాక్) పేరు స్పష్టంగా ఉంది. అక్కడికి మారేవాళ్లు ముందే చూసుకోవాలి. బ్యారెల్ 16 అంగుళాలకు తక్కువున్న ఏఆర్ పిస్టల్‌కి స్టాక్ తగిలిస్తే అది షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్ అవుతుంది, ముందుగా తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. మనవాళ్లకి మరీ ముఖ్యమైన మాట ఇంకోటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. "ఫ్రెండ్‌దే కదా, కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకుంటాం" అనేవాళ్లని చూశాను. దయచేసి అలా చెయ్యకండి. మేం గ్రీన్ కార్డులు వచ్చాకే కొన్నాం.

సీటీఆర్‌లో మావారికి నచ్చనిది వెనకున్న రబ్బరు ప్యాడ్, 0.30 అంగుళమే. 0.70 అంగుళాలది విడిగా దొరుకుతుంది, బిగిస్తే మెత్తగానే ఉంటుంది. కానీ ఆ పెరిగిన 0.40 అంగుళం లెంగ్త్ ఆఫ్ పుల్‌లోనే కలుస్తుంది. అప్పుడు జాకెట్ వేసుకున్న రోజు నాకు దిగడానికి గుంట మిగలదు. అందుకని సన్నదే ఉంచేశాం.