ఎక్స్‌చేంజ్ మీద జర్మనీలో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్: రెండేళ్ల తర్వాత నా అభిప్రాయం

చెన్నైలో ఎంహెచ్‌ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ) చదువుతూ మూడో సెమిస్టర్‌కి స్టూడెంట్ ఎక్స్‌చేంజ్ (మన కాలేజీ తరఫున ఒక సెమిస్టర్ అక్కడ చదవడం) మీద జర్మనీ వెళ్లొచ్చాను, 2023 అక్టోబర్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా. వచ్చిన వెంటనే రాసుంటే మంచు గురించీ రైళ్ల గురించీ రాసేదాన్నేమో. ఇప్పుడు ఇక్కడే ఒక హాస్పిటల్లో ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తున్నా కాబట్టి, ఆ ఐదు నెలల్లో నాకు నిజంగా పనికొచ్చింది ఏంటో చెప్పగలను. అవకాశం వస్తే వెళ్లండి. కానీ క్లాసుల కోసం మాత్రమే అయితే అంత ఖర్చు అక్కర్లేదు.

ముందు డబ్బు సంగతి. ఎక్స్‌చేంజ్ కాబట్టి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, మన కాలేజీ ఫీజే కడతాం. వీసాకి మాత్రం నెలకి 934 యూరోల లెక్కన బ్లాక్డ్ అకౌంట్లో (నెలకి ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) వేసి చూపించాల్సి వచ్చింది (2024 సెప్టెంబర్ నుంచి అది 992 అయింది). ఆ డబ్బు నెలనెలా మన చేతికే వస్తుంది, అయినా ఒకేసారి సర్దడానికి నాన్న చాలా ఇబ్బంది పడ్డారు. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అప్పట్లో నెలకి సుమారు 120 యూరోలు. ఎందుకింత అని బాధపడ్డాను గానీ, నవంబర్లో జ్వరమొచ్చి డాక్టర్ దగ్గరికెళ్తే కార్డు చూసుకుని పంపించేశారు, ఒక్క యూరో అడగలేదు.

క్లాసులు ఇంగ్లీషులోనే. 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని, అందులో ఎక్కువ భాగం మనంతట మనమే చదువుకోవాలి. ఇక్కడ రెండు స్లైడ్లలో అయిపోయిన డీఆర్‌జీ (జబ్బు, చికిత్స రకాన్ని బట్టి హాస్పిటల్‌కి డబ్బు కట్టే పద్ధతి) అక్కడ వారాల పాటు నడిచింది: 2004 నుంచి హాస్పిటళ్లకి రోజుల లెక్కన కాకుండా కేసుకి ఇంత అని ఎందుకిస్తున్నారు, దానివల్ల నర్సుల మీద భారం పెరిగితే 2020లో నర్సింగ్ ఖర్చుని అందులోంచి ఎలా విడదీశారు, అన్నీ.

తలనొప్పి తిరిగొచ్చాక మొదలైంది. అక్కడ 1 అంటే టాప్, 5 అంటే ఫెయిల్. నా 1.7ని ఎలా మార్చాలో మా కాలేజీలో ఎవరికీ తెలీదు, ఒక సబ్జెక్టుని ఒప్పుకోనే లేదు, ఆ పేపర్ మళ్లీ రాశాను. అందుకే వెళ్లేముందే ఏ సబ్జెక్టుకి ఏది సమానం, మార్కులు ఎలా మారుస్తారు అన్నది కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. జర్మన్ కూడా కనీసం ఏ2 (రోజువారీ మాటలకి సరిపడే రెండో స్థాయి) దాకా నేర్చుకుని వెళ్లండి, క్లాసులో ఇంగ్లీషు గానీ హాస్పిటల్లో అంతా జర్మనే.

హాస్పిటల్లో చూసినదాని కోసమే వెళ్లమంటున్నా. కోర్సు ప్రాజెక్టులో భాగంగా రెండు వారాలు అక్కడి ఒక హాస్పిటల్ అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్నాను. తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ తొమ్మిది రోజులుండి వెళ్తూ కట్టింది 90 యూరోలు. 18 ఏళ్లు నిండినవాళ్లకి రోజుకి 10, అదీ ఏడాదికి 28 రోజులకి మించి అడగరు. ఇంట్లో ఎవరున్నారు, నర్సు కావాలా, మందులేంటి అన్నది ఆవిడ చేరిన మొదట్లోనే రాసిపెట్టుకున్నారు, 2017 నుంచి అక్కడ అది రూలు. ఇంటికి పంపే పని డిశ్చార్జి రోజున మొదలవదని నాకు అక్కడే అర్థమైంది.

ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, సెలైన్ సూది తీసిన చోట దూది అంటించుకుని, పక్కన సర్దిన బ్యాగు, ఖాళీ క్యారియరు పెట్టుకుని మా డెస్క్ ముందు పొద్దున 11 నుంచి కూర్చున్నారు. సాయంత్రం 5కి, "ఏమ్మా, నాయుడుపేట బస్సు అందుతుందా?" అని మెల్లగా అడిగారు. నాకు ఏడుపొచ్చింది. డిశ్చార్జికి హాస్పిటల్ అడిగిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ వాళ్లు ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) చెప్పింది, కానీ ఆరోజు ఫైల్ ఇన్సూరెన్స్ వాళ్లకి వెళ్లిందే మూడింటికి. అప్పటిదాకా డిశ్చార్జి సమ్మరీ టైప్ కాలేదు, ఫార్మసీ రిటర్న్స్ (వాడకుండా వెనక్కిచ్చిన మందులు) లెక్క తేలలేదు.

ముందురోజు సాయంత్రమే సమ్మరీ, డ్రాఫ్ట్ బిల్లు తయారుచేద్దామని మా మేనేజర్ గారిని అడిగాను, నా ప్రాజెక్టు రిపోర్టు కూడా చూపించాను. ఒక వార్డులో చేసి చూద్దామన్నారు. ఆ వార్డు వాళ్లు ఇప్పుడు చాలావరకు మధ్యాహ్నం భోజనం వేళకే బయల్దేరిపోతున్నారు. పోయిన నెల రెండో వార్డులో కూడా మొదలుపెట్టాం.